ఇటు చూడు, నవ్వు

దుబాయి నుంచి ఈసారి దిగినప్పుడు రవీందర్ పెట్టెలో అత్తరు సీసాలు లేవు, పూల కంబళ్లు లేవు. ఒక పెద్ద కెమెరా ఉంది. సొంతూరు మల్లాపూర్‌లో చుట్టాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తమకేమీ తేలేదని తేలాక మూతి ముడుచుకుని పోయారు. పోతే పోయారు. మళ్లీ విమానం ఎక్కననీ, కోరుట్లలో స్టూడియో పెట్టుకుని పెళ్లాం పిల్లతో ఉండిపోతాననీ అతను ఒట్టు పెట్టుకుని వచ్చాడు. కెమెరా పట్టుకోవడం సరిగ్గా రాకముందే ‘రచన డిజిటల్ స్టూడియో’ అని ఫ్లెక్సీ కొట్టించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అదీ సంగతి.

రచన అతని కూతురు, ఎనిమిదేళ్లది. అది కడుపులో ఉండగా దుబాయి పోయిన మనిషి, మధ్యలో రెండుసార్లు సెలవు మీద వచ్చి చుట్టపుచూపుగా ఉండి పోయాడు. అక్కడ అతనికి తీరిక దొరికినప్పుడల్లా ఇక్కడ భార్య రజని గోడకు ఫోను ఆనించి, “బాపు చూస్తుండు బిడ్డా, ఇటు చూడు, నవ్వు” అనేది. పిల్ల జుట్టు సవరించుకుని, తల కాస్త పక్కకు వంచి, పళ్లన్నీ కనబడేలా నవ్వేది. ఆ నవ్వు చూసుకునే అతను అన్నేళ్లు ఎండలో ఇనుప చువ్వలు మోశాడు.

తీరా ఇంటికొస్తే ఆ పిల్ల దగ్గరికే రాలేదు. అతను లోపలికొస్తే అది వాకిట్లోకి, అతను వాకిట్లోకొస్తే అది వంటింట్లోకి. ‘అలవాటవుతది లే’ అన్నది రజని. కొత్త చెప్పులా అలవాటు కావడానికి? కన్నతండ్రాయె! అతనికి లోపల మండేది.

ఫొటో పని నేర్చుకోవడానికి బస్సెక్కి జగిత్యాల పోయేవాడు. అక్కడ గంగాప్రసాద్ అనే పాతకాపు ఫొటోగ్రాఫర్ ఓపిగ్గా నేర్పేవాడు.

“మూడే సంగతులు తమ్మీ. ఎంత వెలుగు రానిస్తున్నవ్, ఎంతసేపు రానిస్తున్నవ్, గా వెలుగు కెమెరాకు ఎంత ఆనాలె. గీ మూడు సరిజేసుకుంటే ఇగ మిగిలింది కన్ను. కన్ను మీద ఫోకస్ లేకుంటే బొమ్మంత దండుగ.”

అవన్నీ రవీందర్‌కు తొందరగానే పట్టుబడ్డాయి. పట్టుబడనిది ఒక్కటే. “మనిషిని నీ దిక్కు చూడుమనకు. ఆళ్ల పనిల ఆళ్లుండంగ తియ్యి” అని గంగాప్రసాద్ నెత్తీ నోరూ కొట్టుకునేవాడు.

కూతురి ఫొటో తీద్దామని రవీందర్ వారం పాటు దాని వెంట తిరిగాడు. అతను కెమెరా ఎత్తితే చాలు, పిల్ల ఆడుతున్నదల్లా ఆగి, జుట్టు సవరించుకుని, తల పక్కకు వంచి, పళ్లన్నీ చూపించేది. కెమెరా దించితే ఆ నవ్వు దుకాణం షట్టర్ వేసినట్టు మూతబడేది. అవే తీసుకుపోయి చూపిస్తే గంగాప్రసాద్ పెదవి విరిచాడు.

“గీ పిల్ల నవ్వుతలేదు తమ్మీ. ఎవరో నవ్వుమంటె నవ్వుతున్నది.”

ఆ మాట విన్నాక రవీందర్ మళ్లీ ఆ పిల్ల మీద కెమెరా ఎత్తలేదు.

ఇంతలో సిరిసిల్లలో రజని చిన్నమ్మ కూతురి పెళ్లి వచ్చింది. ఇంటి మనిషే కదా అని ఫొటోల పని అతనికే ఇచ్చారు. ఇది బాగా తీస్తే కోరుట్ల దాకా పేరు పోతుంది, ఇక దుబాయి మొహం చూడక్కర్లేదు. రవీందర్ అన్నీ సరిచూసుకుని మండపం ముందు నిలబడ్డాడు. ముహూర్తం దగ్గరపడింది. వధూవరులు ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు. అడ్డుతెర తీశారు. ఇద్దరూ మొదటిసారి కళ్లెత్తి ఒకరినొకరు చూసుకోవాల్సిన క్షణం. అన్నేళ్లుగా ఫోన్లో తనవైపు చూసిన మొహాలే తప్ప వేరే బొమ్మ ఎరగని మనిషి, నోరు ఊరుకోక, గట్టిగా అరిచాడు:

“ఇటు చూడుండ్రి, నవ్వుండ్రి!”

పెళ్లిపిల్లా పిల్లగాడూ ఉలిక్కిపడి అతని వైపు తిరిగి నవ్వారు. డప్పులు కూడా ఆగినట్టయింది. పెళ్లికొడుకు తాత కట్టె పట్టుకుని లేచాడు.

“అరే, ఆళ్లిద్దరు ఒకల్నొకలు చూసుకోవాలె గని, నీ మొకం జూసుడేందిరా? పెండ్లి నీకా?”

కొందరు నవ్వారు, కొందరు శాపనార్థాలు పెట్టారు. పోయిన చూపును మళ్లీ తెచ్చి ఎవరు పెడతారు? ఆ ముచ్చట అతనికంటే ముందే కోరుట్ల చేరింది. ఆ తర్వాత ఏ పెళ్లివాళ్లూ పిలవలేదు. ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోయింది. పాత కంపెనీ వాళ్లు మళ్లీ రమ్మంటే, రవీందర్ ఒట్టును గట్టున పెట్టి సరేనన్నాడు.

పోయే ముందు కెమెరాను అమ్మేద్దామని అరుగు మీద కూర్చుని తుడుస్తున్నాడు. ఎదురుగా రచన చింతగింజలాడుకుంటోంది. చెప్పకుండా పోవడం మనసొప్పక, తుడిచిన కెమెరాను కంటికి ఆనించి, అద్దంలోంచి చూస్తూనే అన్నాడు.

“బిడ్డా, నేను మల్ల దుబాయి పోతున్న.”

పిల్ల చేతిలో గింజలు అలాగే ఉండిపోయాయి. జుట్టు సవరించుకోలేదు, తల వంచలేదు. కళ్లు ఇంతింత చేసుకుని అతని మొహంలోకి చూసింది.

“నిజంగనా బాపూ? మల్ల ఫోన్ల అస్తవా?”

మొహమంతా విచ్చుకుంది. నేర్చుకున్న వేలు దానంతటదే నొక్కేసింది.

కన్ను మీద ఫోకస్ సూదిమొనలా కుదిరింది. వెలుగు సరిపోయింది. ఎంత వెతికినా వంక పెట్టడానికి లేదు. రవీందర్ ఆ ఫొటోను చెరిపేద్దామనుకుని, చెయ్యి రాక, గంగాప్రసాద్‌కు పంపాడు. కాసేపటికి ఫోను మోగింది.

“అచ్చింది తమ్మీ నీకు, ఇగ అచ్చింది! గంతగనం సంబురపడ్డది, ఏం చెప్పినవ్ పిల్లకు?”