మారు వడ్డించిన హస్తం

నేను ఒక ఇత్తడి హస్తాన్ని. అన్నం వడ్డించడం నా పని. ఆ రోజు మా ఇంట్లో నలుగురున్నారు. పొయ్యి దగ్గర పీట మీద దాలమ్మ, గోడకు ఆనుకుని కట్టు కట్టిన కాలు చాపుకున్న ఆమె కొడుకు నాగేశం, అతని భార్య సూరీడమ్మ, బడి నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయిన వాళ్ల అమ్మాయి హైమ. ముందుగదిలో నాగేశం కుట్టుమిషను కూడా ఉంది గాని, దాని మీద దుప్పటి కప్పి చాలా రోజులైంది. పెద్దవాళ్లు ముగ్గురూ అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చారు.

నా సంగతి కొంచెం చెప్పాలి. బుడితి ఊళ్లో ఒక కంచరి నన్ను కాల్చి, కొట్టి, వెడల్పుగా సాగదీశాడు. దాలమ్మ తల్లి నన్ను సంతలో చూసి, "సెయ్యి పెద్దదిగుంది, దీన్నే ఇయ్యి" అంది. నా కష్టాలన్నీ ఆ మాటతోనే మొదలయ్యాయి. పెళ్లి సారెలో దాలమ్మతో పాటు ఈ ఇంటికి వచ్చాను. దాలమ్మ భర్త పొలం దున్ని వచ్చేవాడు. ఆయనకు వడ్డించి వడ్డించి నాకు నడుం పడిపోయేది. అయినా నాకు కోపం లేదు. తిన్నదంతా మర్నాడు మడిలో చెమటగా పోయేది.

ఆయన పోయాడు. పొలమూ పోయింది. నాగేశం టైలరయ్యాడు. పొద్దుట కూర్చుంటే దీపాలు పెట్టేదాకా మిషను దగ్గరే. దున్నే తండ్రికి పెట్టినంత అన్నమే కూర్చునే కొడుక్కీ పెట్టారు. మనుషులు పని మార్చుకుంటారు గాని కంచం మార్చుకోరు. నేను చూస్తూనే ఉన్నాను. చెప్పడానికి నాకు చెయ్యే గాని నోరు లేదు.

అతనికి షుగరొచ్చింది. చెప్పు ఒరుసుకుని కుడికాలి బొటనవేలు మీద పుండు పడింది. మానలేదు. షుగరు తగ్గకపోతే వేలు తీసేయాల్సి వస్తుందన్నాడు డాక్టరు. మిషను తొక్కే కాలు అది. కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పు, పావు వంతే అన్నం ఉండాలని చెప్పి పంపాడు.

సూరీడమ్మ ఆ మాట తు.చ. తప్పలేదు. టీలో పంచదార మానిపించింది. చిక్కుళ్లు, ఆనపకాయ, తోటకూర, ఉలవచారు వండింది. అన్నం మాత్రం నాతో ఒక్కసారే, అదీ పలచగా పెట్టేది. అమ్మయ్య, ఇక నాకూ విశ్రాంతి అనుకున్నాను.

కాని అతను కంచంలో చెయ్యి కడగబోయే వేళకు దాలమ్మ నన్ను అందుకునేది. "మారెట్టించుకోకుండా లెగిసిపోతావేట్రా? ఒక్కపాలి వడ్డించీది సచ్చినోలకి. నువ్వు సల్లగుండాల" అంటూ నన్ను అన్నంలోకి దించేది. కన్నతల్లి ప్రేమ నా మీద గోపురంలా లేచేది. అమ్మకు ఎదురుచెప్పలేక అతను తినేవాడు. అత్తకు అడ్డుచెప్పలేక కోడలు అటు తిరిగి గిన్నెలు సర్దేది. మారు ఆ ఇంట్లో తిండి కాదు, ఆచారం. ఆచారానికి లెక్క ఉండదు. రోజూ నేను మోసిన బరువు ఎవరి లెక్కలోనూ లేదు.

ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చాక ముందుగా సూరీడమ్మే నోరు విప్పింది.

"మీ మామ్మ ఆసుపత్రిలో ఏటందో తెలుసేటే హైమా? అన్నం ఎంత తింటున్నావని డాక్టరు బాబు అడిగితే మీ నాన్న ఒక్క హస్తమన్నాడు. ఈవిడ ఎనకనుంచి, 'అవును బాబూ, మారు తప్ప మరింకేటీ తినడు' అంది."

హైమకు నవ్వొచ్చింది. తండ్రి కాలు చూసి ఆపుకుంది.

"మారేటమ్మా అన్నాడాయన. 'మారుకీ లెక్కుంటాదేటి బాబూ' అంది. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. ఇంకొక్క నెల సూస్తాడంట. ఆ తరవాత ఏలు తీసెయ్యడమేనంట."

"నానేటి, ఇసం ఎట్టేనా?" అంది దాలమ్మ. గొంతులో ఎప్పటి బిగువు లేదు.

"ఊరుకోయే" అన్నాడు నాగేశం భార్యతో. "అమ్మనేటీ అనకు. నాను తిన్నాను."

అందరికీ ఆకలిగానే ఉంది. సూరీడమ్మ వంట చేసి కంచం పెట్టింది. కూర, పప్పు, కాస్త అన్నం. నాగేశం తిన్నాడు. తిని, అలవాటు ప్రకారం ఎంగిలి చేతితో అలాగే ఆగాడు. మారు లేకుండా లేవడం అతనికీ భయమే. హైమ తల్లి వైపు చూసింది. తల్లి ఈసారి అటు తిరగలేదు.

దాలమ్మ నన్ను అందుకుంది. అన్నం గిన్నె మూత తీసింది. చాలాసేపు దాని మీదే నన్ను పట్టుకుని కూర్చుంది. ఆవిరి తగిలి నాకు చెమట పట్టింది. కొడుకు కాలి కట్టు వైపు ఒకసారి చూసి, గిన్నెకు మూత పెట్టేసింది. నన్ను ఆనపకాయ కూరలోకి దించింది.

"ఇదే మారు. తినరా నాయినా" అంది.

నా బతుకులో మొదటిసారి నేను కూర మోశాను.

"రేపు కూడా కూరే మారా మామ్మా?" అని మెల్లగా అడిగింది హైమ.

"రేపు దీంతో కాదే. దీని సెయ్యి పెద్దది. నాది మరీ పెద్దది" అంది దాలమ్మ.

నన్ను ఆమే చింతపండుతో తోమింది. చీర చెంగుతో తుడిచింది. భర్త చెంబు ఉన్న గోడ బీరువాలో, ఆ చెంబు పక్కనే పడుకోబెట్టింది. ముందుగదిలో నాగేశం మిషను మీది దుప్పటి ఎత్తి, పెడలు వైపు చూసి, మళ్లీ కప్పుతున్నాడు. తెరిచి ఉన్న తలుపులోంచి నాకు అది కనిపిస్తూనే ఉంది.

"ఆడు మిషను తొక్కిన రోజు తీస్తాను నిన్ను. అందాకా ఇక్కడే ఉండు" అని, దాలమ్మ నా మీద తలుపు మూసేసింది.