యూనీస్ మనవి

మా ఇంట్లో ఎవరిని ఎలా ఉన్నావని అడిగినా జవాబు ఒక్కటే: "దేవుని కృప, బాగుండాను." జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా అదే మాట. మంచి మాటే, కాదనను. కానీ ఆ మాట బళ్ళారి ఆస్పత్రిలో మా మేనకోడలి కాళ్ళ మీదికి తెచ్చింది.

యూనీస్ మా అన్న కూతురు, మూడో తరగతి. రక్త క్యాన్సర్‌కు సూదులు వేయించుకుంటోంది. అన్నకు కుడతిని కరెంటు ప్లాంటులో షిఫ్టులు తప్పవు. అందుకని వార్డులో మా వదిన కృపమణి, నేను ఉంటున్నాం.

ఆ రోజు సూది వేసే ముందు డాక్టర్ భూమిక మంచం మీద కూర్చుంది. కన్నడామె, మధ్యలో కన్నడం కలుపుతూ తెలుగు తడుముకుంటూ మాట్లాడుతుంది. పిల్లను ముద్దుగా 'పుట్టీ' అంటుంది. "పుట్టీ, నడిచేటప్పుడు కాలు ఈడుస్తాండావు. ఏమన్నా అయితాందా? స్వల్ప చెప్పు."

"దేవుని కృప, బాగుండాను మేడం."

డాక్టర్ ముఖాల బొమ్మలున్న కాగితం తీసింది. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఉన్నాయి. నీకెట్లుందో చూపించమంటే, పిల్ల నవ్వే ముఖం మీదే వేలు పెట్టింది.

వరండాలో డాక్టర్ మాకు విడమర్చి చెప్పింది. "ఈ మందు కొందరికి నరాలకు తగులుతాది. అట్లయితే డోసు తగ్గించాల. ఊరికే తగ్గిస్తే జబ్బు తిరగబడొచ్చు, తగ్గించకపోతే కాళ్ళు చెడొచ్చు. పరీక్షలో సగమే తెలుస్తాది, మిగతాది పాపే చెప్పాల." సూది వేయకుండా మధ్యాహ్నం దాకా ఆగుతానంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈడ డాక్టరమ్మ అడుగుతాన్నా చెప్పకపోతే ఎట్ల మే?" అని మంచం దగ్గరికి పోయి అరిచాను. యూనీస్ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

"దాన్ని అరవొద్దు లోయిస్, నేనే నేర్పిచ్చినా," అంది వదిన. "నొప్పి నొప్పి అని మూలిగితే విశ్వాసం లేనట్లని చెప్పినా. నలుగురి ముందర దేవుని గురించి మన సాక్ష్యం బాగుండాలని." చెబుతూనే ఏడ్చేసింది. నా కోపం ఎటు పోయిందో! ఆమెను ఏమని తిట్టను? మా అమ్మ నాకు నేర్పిందీ అదే కదా.

ఇక ఏం చేయాలో తోచక ప్రార్థన చేద్దామన్నాను. ముగ్గురం కళ్ళు మూసుకున్నాం. మా చర్చిలో అయ్యగారు ప్రార్థనకు ముందు అందరినీ అడిగే మాట అలవాటుగా నా నోటికొచ్చింది. "ప్రార్థన మనవులు ఏమన్నా ఉండాయా?"

"ఉండాది అత్తా," అంది యూనీస్.

నేను కళ్ళు తెరవలేదు. "చెప్పు బంగారూ."

"పాదాల్లో చీమలు పాకినట్లు అయితాంది. చెప్పు జారిపోయినా తెలీడంల్యా. దవడ లాగుతాంది, అందుకే అన్నం వద్దంటాండా. దానికోసరం ప్రార్థన చేయండి."

అయ్యో ప్రభువా! చర్చిలో లేచి దేవుని మేలు చెప్పే సాక్ష్యంలో బాగున్నాననాలి, బాధ మనవిలో చెప్పుకోవాలి. అక్కడ చూసిందే పిల్ల చేసింది. మనవి ఏమిటని మేమే అడగలేదు.

ఆమేన్ కూడా అనకుండా పరుగెత్తాను. డాక్టర్ అంతా విని నవ్వలేదు. వచ్చి మంచం పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. "పుట్టీ, ప్రార్థన మనవి ఏమన్నా ఉండాదా?"

యూనీస్ ఒక కన్ను తెరిచి, డాక్టర్ దొంగచూపులు చూడడం లేదని తేల్చుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. డాక్టర్ పాదాలు తాకి చూసి, ఆ రోజు మందు తగ్గించి ఇచ్చింది. "బేగ, తొందరగానే పట్టినాం. మెల్లగా సరిపోతాది," అంది.

ఇప్పుడు డాక్టర్ వస్తే చాలు, మా పిల్ల మనవుల మూట విప్పుతుంది. చీమలు తగ్గాయట, ఇడ్లీ మాన్పించి దోసె పెట్టించాలట!

నిన్న డాక్టర్ వెళ్ళాక యూనీస్ తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నీకేమన్నా మనవి ఉండాదా?"

"దేవుని కృప, బాగుం..." వదిన ఆగిపోయింది. "భయమైతాంది యూనీస్."

"అట్లయితే కళ్ళు మూసుకో," అని యూనీస్ తల్లి చెయ్యి పట్టుకుంది.