స్టీలు పళ్లెం కింద అప్పడం

చిక్కడపల్లిలో సుబ్బలక్ష్మి అప్పడాల కొట్టు పెట్టిన నాటినుంచి ఒక్క అప్పడమూ వెనక్కి రాలేదు. ఉప్పెక్కువైందని అన్నవాళ్లున్నారు, రేటెక్కువని గొణిగినవాళ్లున్నారు. మెత్తబడిందని తెచ్చి ఇచ్చినవాళ్లు మాత్రం లేరు. ఆవిడ ఆస్తి ఏమిటని ఎవరైనా అడిగితే ఇంటిని, బంగారాన్ని పక్కన పెట్టి ముందు ఆ మాటే చెప్పేది. బంగారం ధర పెరుగుతుంది, తగ్గుతుంది. మాట మాత్రం ఒకసారి తగ్గిందంటే మళ్లీ పెరగదని ఆవిడ లెక్క.

కొట్టు బాగానే సాగుతోంది, చోటే చాలడం లేదు. వెనక గదిలో నలుగురు ఆడవాళ్లు మోకాళ్లు తగులుకుంటూ కూర్చుని అప్పడాలు వత్తేవారు. కాబట్టి అశోక్‌నగర్‌లో ఒక పాత ఇంటి సెల్లార్ తక్కువ కిరాయికి దొరికిందనగానే అడ్వాన్సు ఇచ్చేసింది. వత్తడం, డబ్బాలకెత్తడం అక్కడ. ఎండబెట్టడానికి ఆ ఇంటి డాబా. భర్త వెంకటరామయ్యను అడగలేదు. ఆయన పొద్దున్నే సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి పేపర్లన్నీ చదివి వచ్చే మనిషి. ప్రపంచం మీద ఆయనకు బోలెడన్ని అభిప్రాయాలున్నాయి, అప్పడాల మీద ఒక్కటీ లేదు.

సెల్లార్ తాళం తీసిన రోజు ఆశమ్మ కూడా వచ్చింది. కొట్టులో అందరికంటే పాత మనిషి. పైకి పొడిగా, నున్నగా కనిపిస్తున్న కాంక్రీటు నేల మీద చెప్పులు విప్పి నిలబడింది.

"అమ్మా, సల్లగుంది."

"ఎండాకాలం కదే, చల్లగా ఉంటే మంచిదేగా."

"ఈ సలువ గా సలువ గాదు. ఈడ కూసుంటే పొద్దుమీకి నన్ను నువ్వే ఎత్తుకపోవాలె ఇంటికి."

సుబ్బలక్ష్మి నవ్వేసింది కాని, అరికాలు ఆనించి చూస్తే ఆశమ్మ మాట కొట్టిపారేయడానికి లేదనిపించింది. నేలలో చెమ్మ ఉంది, కిరాయి ఎందుకు తక్కువో అప్పుడు అర్థమైంది. తక్కువకు వచ్చిందని సంతోషించినదాంట్లో సగం అక్కడే పోయింది. మిగతా సగం నిలవాలంటే వానలు పడేలోగా ఆ నేల మీద ఏదో ఒకటి వేయాలి. అది చవకగా ఉండాలి, చెమ్మను పైకి రానివ్వకూడదు.

మూడో రోజు పొద్దున ట్రాలీ ఆటో ఒకటి సెల్లార్ ముందు ఆగింది. అందులోంచి వియ్యంకుడు కిషన్ రావు దిగాడు. నారాయణగూడలో ఆయనకు ఫ్లోరింగ్ దుకాణం ఉంది. ఆయన కొడుకు ఉమాకాంత్‌కే సుబ్బలక్ష్మి తన కూతురు నాగశ్రీని ఇచ్చింది. ఆటో నిండా వినైల్ షీట్ రోళ్లు, టేకు చెక్కలాంటి గీతలతో మెరిసిపోతున్నాయి.

"చెల్లెమ్మా, ఇగో. గోదాంల మిగిలినయి. పైసలు గియిసలు ఏం లేవు. రేపు మనోళ్లొచ్చి గమ్ము పెట్టి అతికిచ్చి పోతరు. చూస్తే సెల్లార్ అనుకోరు ఎవ్వరు, స్టార్ హోటల్ అనుకుంటరు."

ఆవిడ షీటును వేళ్లతో నలిపి చూసింది. సరుకు మంచిదే. కాని ప్లాస్టిక్. కింద చెమ్మ, పైన ప్లాస్టిక్, మధ్యలో గమ్ము. అప్పడాల డబ్బాకు మూత తడిగా ఉండగా పెడితే లోపల ఏమవుతుందో ఆవిడకు తెలుసు. ఆ మాటే చెప్పాల్సింది. అయితే నలభై ఏళ్లుగా అదే సరుకు అమ్మేవాడి ముఖాన, అందులోనూ వియ్యంకుడి ముఖాన, నీ సరుకు ఇక్కడికి పనికిరాదని ఎలా అనడం? మర్యాదగా ఉంటుందని ఆచారాన్ని అడ్డం పెట్టింది.

"పిల్లనిచ్చినవాళ్లం అన్నయ్యగారూ. అమ్మాయి అత్తవారి సొమ్ము మేం ఊరికే తీసుకోకూడదండి. మాలో అలవాటు లేదు."

"ఓహో. మొన్న మా ఇంట్ల బగారా అన్నం రెండుసార్లు పెట్టించుకుంటివి గదమ్మా?"

"అది మనవరాలి పుట్టినరోజండీ."

"అయితే ఇది మనవరాలి షీటనుకో!"

ఆశమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వాదన ఓడినప్పుడు మనిషి మొండికేస్తాడు, సుబ్బలక్ష్మీ అంతే.

"వద్దంటే వద్దండి."

కిషన్ రావు ముఖం మాడిపోయింది. "మంచిది. రోళ్లు మాత్రం తిరిగి తీస్కపోను. మా దిక్కు ఇచ్చింది వాపసు తీస్కునే అలవాటు లేదు," అని, అవి అక్కడే దింపించి ఆటో ఎక్కాడు.

సాయంత్రం నాగశ్రీ ఫోన్ చేసింది.

"ఏమన్నావే అమ్మా మామయ్యగారిని? వచ్చినప్పట్నుంచీ మాటల్లేవు. అన్నం వడ్డిస్తే, 'మీ అమ్మోళ్లకు మన సొమ్ము పనికి రాదంట, మరి నేనెందుకు పనికొస్తా' అని లేచిపోయారు. ఈయన నా వైపు చూస్తారు, నేను గోడ వైపు చూస్తా. ఏం చేస్తావో చేయి."

ఫోన్ పెట్టేసి సుబ్బలక్ష్మి చాలాసేపు లెక్కలు వేసింది. షీటు వేయించుకుంటే అప్పడం పోతుంది. కాదంటే కూతురి ఇంట్లో నెమ్మది పోతుంది. రెండు వైపులా నష్టమే కనిపిస్తోందంటే లెక్కలో ఎక్కడో తప్పు పడిందన్నమాట. ఆ తప్పు ఎక్కడుందో వెతికింది, దొరికింది. సరుకులో లోపం చెబితే సరుకుకే తగులుతుంది. ఆచారం అడ్డం పెడితే మనిషికి తగులుతుంది. మర్యాద అనుకుని ఆవిడ ఖరీదైన దెబ్బనే ఎంచుకుంది.

వానాకాలం వస్తే ఆవిడకు ఒక పద్ధతి ఉంది. ఏ అలమరలో సరుకు పెట్టాలన్నా ముందు అందులో ఒక పచ్చి అప్పడం పెట్టి, మర్నాడు విరిచి చూస్తుంది. విరిగితే సరుకు పెడుతుంది, వంగితే అలమర మారుస్తుంది. ఆ సాయంత్రమే సెల్లార్‌కు వెళ్లి నేల మీద ఒక అప్పడం పెట్టి స్టీలు పళ్లెం బోర్లించింది. ఇంకొకటి నేల మీద పెట్టి, కిషన్ రావు తెచ్చిన షీటు పరిచి అంచుల చుట్టూ టేపు అంటించింది. మూడోది గూట్లో, గాలికి వదిలేసింది.

మర్నాడు పదకొండింటికి ఫోన్ చేస్తే కిషన్ రావు వచ్చాడు. చెప్పులు గడప బయటే విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు, చావు పరామర్శకు వచ్చినవాడిలా.

"చెప్పు చెల్లెమ్మా."

"చెప్పేదేం లేదండి, చూడాల్సిందే. ఆ గూట్లోది తీసి విరవండి."

విరిచాడు. ఫట్‌మంది.

"ఇప్పుడు పళ్లెం ఎత్తండి."

పళ్లెం లోపలంతా సన్నటి నీటి బొట్లు. అప్పడం చేతిలోకి తీసుకుంటే తమలపాకులా వంగింది. ఆ తర్వాత ఆవిడ చెప్పకుండానే ఆయన కూర్చుని టేపు పీకాడు. షీటు అడుగున తడి, కింద కాంక్రీటు నల్లగా, అప్పడం నేలకు అతుక్కుపోయి ఉంది. షీటు అంచు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పక్కన పెట్టేశాడు.

"నిన్న ఆచారం అన్నానండి. అసలు సంగతి ఇది. మీ సరుకు మంచిదే. చోటు దానికి తగింది కాదు."

కిషన్ రావు నేల మీదనుంచి లేవలేదు. సెల్లార్లలో పరిచిన షీట్లు ఉబ్బినయ్ అని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, పనోళ్లు సక్కగ అతికియ్యలేదని ఆయన ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాడు. ఇప్పుడు అదంతా తిరగదోడుకుంటున్నట్టు ఉంది.

"గిదేదో నిన్ననే చెప్పొద్దా అమ్మా," అన్నాడు చివరికి. "నన్ను వద్దన్నవనుకున్న. షీటును వద్దంటే నాకేం బాధ? అది నా బిడ్డ గాదు."

ఆశమ్మ మళ్లీ నవ్వింది. ఈసారి కిషన్ రావూ నవ్వాడు. నవ్వుతూనే లేచి, గోడల వెంట నడుస్తూ వ్యాపారిగా మారిపోయాడు.

"చెక్క ముచ్చటే వద్దు, ఉబ్బిపోతది. ఊరికే రంగేస్తే పొరలు లేస్తయి. టైల్ వేయాలె. సిమెంటు మాలుల వాటర్‌ప్రూఫ్ కలపాలె. గోడ పొంటి సన్న కాల్వ తీస్తే చెమ్మ అటే పోతది. డబ్బాలకు కింద చెక్క పీటలు. ఆడోళ్లు కూసునే కాడ చాపలు. గోదాంల లాటు విడిపోయిన టైళ్ల డబ్బాలున్నయి. ఒకటి తెల్లది, ఒకటి పచ్చది, ఒకటి గీతలది. ఒక్క తీరుగ ఉండవు."

"అప్పడాలు రంగు చూసి ఎండవండి. అడుగెంత?"

"నీకు ఏంది అమ్మా..."

"అడుగెంతండి?"

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. సంగతి అర్థమైంది. "ముప్పై."

"విడి లాటుకు ముప్పైయా? పద్దెనిమిది."

"నారాయణగూడ మొత్తం తిరుగు, ఇరవై అయిదుకు తక్కువ దొరికితే నా పేరు మార్చుకుంట."

"పేరు మార్చుకోవడం ఎందుకండీ, రేటు మార్చుకోండి చాలు."

బేరం టీ చల్లారేదాకా సాగింది. ఇరవై ఒకటి దగ్గర తెగింది. ఒకరిదొకరు ఊరికే తీసుకున్నదేమీ లేదు. ఒకరి చేతిలో ఒకరు మోసపోయిందీ లేదు. వెళ్లేటప్పుడు వినైల్ రోళ్లు ఆటోలో ఎక్కించుకుంటూ కిషన్ రావు, "ఇయ్యాల అన్నం తింట అని నీ బిడ్డకు చెప్పు. ఉల్లిగడ్డ పులుసు చెయ్యమను," అన్నాడు.

నేల తయారైంది. తెల్లటి టైళ్ల పక్కన పచ్చవి, వాటి పక్కన గీతలవి, అతుకుల బొంతలాగా. చూడవచ్చిన వెంకటరామయ్య, ఇలాంటి నేల ఎక్కడా చదవలేదన్నాడు. ఆశమ్మ అరికాలు ఆనించి చూసింది. చాప పరుచుకుని కూర్చుంది.

జూలైలో వాన పట్టుకుంది. దోమలగూడ వైపు రోడ్లన్నీ నీళ్లు. ఆ వానలోనే తడిసిన గొడుగుతో కిషన్ రావు దిగివచ్చాడు. పలకరింపులు కూడా లేకుండా నేరుగా మూలనున్న పళ్లెం దగ్గరికి వెళ్లాడు. రోజూ ఒక అప్పడం దాని కింద ఉంటుందని ఆయనకు తెలుసు. పళ్లెం ఎత్తి, అప్పడం తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు.

ఫట్‌మంది. వత్తుతున్న ఆడవాళ్లందరూ చేతులు ఆపి చూశారు.

"విన్నరా! నా టైలు!" అన్నాడు.

"నా అప్పడం," అంది సుబ్బలక్ష్మి.

ఇద్దరూ ఒకే తీరుగా ఛాతీ విరుచుకున్నారని తర్వాత ఆశమ్మ అందరికీ చేసి చూపించింది.

"చెల్లెమ్మా, ఇప్పుడు సెల్లార్‌కు షీటు కావాలని ఎవరొచ్చినా ముందు అప్పడం పెట్టి చూడుమంటున్న. దుకాణంల పెట్టుకోనీకె పది పాకెట్లు కట్టియ్యి. ఏమన్న తగ్గిస్తవా?"

"టైల్‌కు బేరం ఉందండి," అంది ఆవిడ, పాకెట్లు సంచిలో పెడుతూ. "అప్పడానికి లేదు."

కిషన్ రావు జేబులోంచి పూర్తి సొమ్ము తీసి లెక్కపెట్టి ఇచ్చాడు. ఆవిడ మళ్లీ లెక్కపెట్టుకుని గల్లాలో వేసుకుంది. సంచి వానకు తడవకుండా ఆయన గొడుగు తన తల మీదనుంచి తీసి దాని మీద పట్టుకుని మెట్లెక్కాడు.