కరెంటు గీతలు

మా ఆయన ఉపేందర్ నడుముకు ఇటొక గీత, అటొక గీత, బొడ్డు కింద ఇంకొకటి. వరంగల్ దవాఖానలో ఊదారంగు సిరాతో గీసిన గీతలవి. వాటి గుర్తును బట్టే మిషన్ కింద కరెంటు, అంటే రేడియేషన్, పెడతారు. "చెరిగిపోతే మళ్లీ స్కానింగు తీయాలి. పది రోజులు ఆగిపోతుంది, అది మంచిది కాదు" అని అక్కడి అమ్మాయి ఆయనకు రెండుసార్లు చెప్పింది. ఈయన వినే రకం కాదని ముఖం చూస్తేనే తెలిసినట్టుంది, మూడోసారి నా వైపు తిరిగి చెప్పింది. అప్పటి నుంచి తడిగుడ్డతో నేనే ఒళ్లు తుడుస్తున్నాను. పంతొమ్మిది సార్లు కరెంటు పెట్టారు, ఇంకా పద్నాలుగు ఉన్నాయి.

రెండేళ్ల కింద ప్రోస్టేట్ గడ్డ తీసేసినప్పుడే పీడ వదిలిందనుకున్నాం. మనిషి ఊరుకున్నాడా? మేడారం పోయి తల్లులకు ఎత్తు బంగారం ఇచ్చాడు, తన బరువుకు సరిపడా బెల్లం. సొంతూరు కొడకండ్లలో పాలోళ్లను, అంటే దాయాదులందరినీ పిలిచి, యాటను కోసి దావత్ చేశాడు. "క్యాన్సర్‌ను ఏర్లతోని పీకి పారేసిన" అని మీసం దువ్వాడు. పోయిన చలికాలం రక్తపరీక్షలో క్యాన్సర్ జాడ చెప్పే అంకె మళ్లీ లేచింది.

ఇక ఈయనకు రోగం కంటే పరువు పెద్దదైంది. "ఎవలకన్న చెప్పినవనుకో, మంచిగుండదు శోభా. తల్లులు మొక్కు అందుకోలేదంటరు" అన్నాడు. రోజూ పొద్దున్నే మేముండే జనగామలో వరంగల్ బస్సెక్కుతుంటే, అక్కడ దోస్తు ఇల్లు కట్టుకుంటున్నాడు, ఈయన దగ్గరుండి చూస్తున్నాడని అందరికీ నేనే అబద్ధాలు చెప్పాను. ఈయన సొంత అన్న సాయిలు బావకు కూడా అదే చెప్పాను. పాపం, ఆయన నమ్మాడు.

ఆ బావ శనివారం సాయంత్రం గుండె ఆగి పోయాడు. కొడుకుల్లేరు, వనజ ఒక్కతే బిడ్డ. కొరివి పెట్టాల్సింది తమ్ముడే. కొరివి పట్టేవాడికి ముందు పాలోళ్లు తలా ఒక బిందె నీళ్లు నెత్తి మీదుగా పోస్తారు. పది బిందెలు పోస్తే సిరా ఆగుతుందా? ఆదివారం పొద్దున కొడకండ్ల బస్సులో అదే అడిగాను.

"ఏం జేద్దామంటవ్?"

"ఏం జేసేదుంది. పోసుకుంట."

"గీతలు?"

"పోతె పోయినయ్. మా అన్నకంటె ఎక్కువనా గీతలు?"

ఎక్కువే అనాలనిపించింది. చచ్చినవాడి కోసం బతికున్నవాడు చావాలని ఏ శాస్త్రంలో ఉంది? బస్సు నిండా జనం ఉన్నారని నోరు మూసుకున్నాను.

బావ ఇంటి వాకిట్లో పీట వేశారు. ఈయన అంగీ విప్పి, గీతలు కనపడకుండా పంచె పైకి లాగి కట్టుకుని కూర్చున్నాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పాలోళ్లలో పెద్దవాడు వెంకట్రాం కాక మొదటి బిందె ఎత్తాడు. ఎట్లా పోయానో తెలియదు, పోయి బిందె పట్టుకున్నాను.

"పొయ్యకు కాకా. ఈయనకు బీమారి మల్లొచ్చింది. నడుముకు గీతలున్నయి. అవి పోతె కరెంటు పెట్టరు."

ఏడుస్తున్నవాళ్లు కూడా ఆగిపోయారు. వెంకట్రాం కాక బిందె దించాడు. "ముందుగాల చెప్పద్దా బిడ్డా" అని చెంబుతో నెత్తిన కాసిని నీళ్లు చల్లి, కాళ్లు కడిగించాడు. శాస్త్రం అంతటితో సరిపోయింది. కానీ వెనక ఎవరో మొక్కు అందలేదని గొణిగారు. బావ భార్య సాయమ్మక్క శవం మీద నుంచి లేచి వచ్చి ఈయన్ని పట్టుకుంది. "అన్న ఎంకనే పోతవా తమ్మీ" అని గుండెలు బాదుకుంది. అంతవరకు సాయిలు బావ కోసం ఏడ్చిన ఆడవాళ్లు ఈయన కోసం ఏడవడం మొదలుపెట్టారు. బతికున్న మనిషిని చూసి అట్లా ఏడుస్తారా?

కొరివి పెట్టాక సాయంత్రానికి జనగామ చేరాం. ఇంట్లో అడుగుపెట్టాక ఈయన అన్నాడు.

"మా అన్నతోని నన్ను గూడ కాలబెట్టినవ్."

"బతకాలనే చెప్పిన" అన్నాను.

ఈయన బాత్‌రూంలోకి పోయి గొళ్లెం పెట్టుకున్నాడు. నల్లా తిప్పిన చప్పుడైంది. సబ్బు, పీచు అన్నీ లోపలే ఉన్నాయి. తలుపు మీద కొట్టాను. తిట్టాను, బతిమాలాను, నీకు దండం పెడతానన్నాను. బకెట్ నిండి పొర్లుతున్నా నల్లా కట్టేయలేదు.

చాలాసేపటికి తలుపు తీశాడు. చేతిలో పీచు ఉంది, తడి లేదు. బనీను ఎత్తి చూశాను. మూడు గీతలూ ఉన్నాయి.

"రుద్దుకుందామనే పోయిన. చెయ్యి రాలే" అన్నాడు. గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. "ఊరంత నవ్వనీ, ఏమన్న అననీ. సావంటె భయమైతాంది శోభా."

నాకూ భయమే. ఆ మాట మాత్రం పైకి అనలేదు. పీచు తీసుకుని పక్కన పెట్టి, పొద్దున ఆరింటికి వరంగల్ బస్సని చెప్పాను.