ఆదివారం ఎక్కిళ్ళు

అమలాపురంలో గవర్నమెంటువాళ్ళు బ్యాంకు ఖాతాలు తనిఖీ చేసే ఆఫీసు పెట్టిన దగ్గర్నుంచి ముక్తేశ్వరంలో ఎక్కిళ్ళు ఎక్కువయ్యేయి. అక్కడ ఎవరి ఖాతా తెరిచి చూస్తే ఇక్కడ వాళ్ళకి వచ్చేవి. తలుచుకున్న మనిషి పేరు చెబితే ఎక్కిళ్ళు ఆగడం ఎప్పట్నుంచో ఉన్నదే. అందుకని జనం ఆ ఆఫీసువాళ్ళ పేర్లన్నీ కనుక్కుని పెట్టుకున్నారు. కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళు పని ఆపకుండానే "రవికుమార్‌గారు" అనేసి మళ్ళీ కాయ అందుకునేవారు. సాయంత్రం ఆఫీసు మూసేస్తే ఊరు కుదుటపడేది.

సువార్తమ్మకి అందరికంటే ఎక్కువ వచ్చేవి. ఆవిడ కువైట్‌లో వంట చేసి తిరిగొచ్చిన మనిషి. అక్కడింకా ఇళ్ళల్లో పనిచేస్తున్న జాయ్, మొగుడికి పంపగా మిగుల్చుకున్నది ఈవిడ ఖాతాలో దాచుకునేది. రాజోలులో తన పేరున చిన్న స్థలం కొనుక్కుని, రెండు గదులు వేసుకుని, మొగుడు సత్తిబాబుకి దూరంగా బతకాలని ఆమె ఆశ. కిందటిసారి ఆమె సెలవు మీద వచ్చినప్పుడు సత్తిబాబు చెయ్యి విరిచేడు. ఎముక సరిగ్గా అతుక్కోకముందే మళ్ళీ విమానం ఎక్కించేడు. ఇప్పుడు ఆమె గురువారం దిగుతోంది.

కువైట్ డబ్బు మీకెందుకొస్తోందని ఆఫీసువాళ్ళు పిలిపించినప్పుడు సువార్తమ్మ చాలాసేపు నసిగింది. చెప్పకపోతే ఖాతా ఆపేస్తామన్నారు. చివరికి జాయ్ పేరు చెప్పింది. రవికుమార్ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకుంటూ, ఇది ఈ గది దాటదండీ అన్నాడు. ఆవిడ నమ్మింది.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మొదలెట్టగానే ఆవిడకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పక్కన కూర్చున్న శిరీష ఆశ్చర్యపోయింది.

"ఇవాళ ఆఫీసు లేదు కదా పిన్నిగారూ."

సువార్తమ్మ రవికుమార్ పేరు చెప్పింది. ఆగలేదు. ప్యూను దాకా అందరి పేర్లూ చెప్పింది. ముందు వరసలవాళ్ళు తిరిగి చూస్తున్నారు. శిరీష చెవిలో గొణిగింది.

"కంప్యూటర్లు బాగుచెయ్యడానికి మన అభిలాష్‌ని పెట్టుకున్నారటండీ. సత్తిబాబు తమ్ముడు."

"అభిలాష్" అంది సువార్తమ్మ. కుళాయి కట్టేసినట్టు ఆగిపోయాయి.

మగవాళ్ళ వైపు, తెరిచిన పాటల పుస్తకంలో ఫోను పెట్టుకుని చదువుకుంటున్న సత్తిబాబు, తమ్ముడి పేరు విని తలెత్తేడు. ఆవిణ్ణి చూసి నవ్వేడు.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాగున్నారా పిన్నిగారూ? జాయ్ గురువారం వస్తోందండీ. తన డబ్బు మీరు దాచిపెడుతున్నందుకు చాలా సంతోషం. తనొచ్చాక ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటామండీ."

"ఆయ్, మాట్లాడుకోండి బాబూ."

ఇంటికెళ్ళి, కట్టిన తెల్లచీర మార్చకుండానే ఫోను తీసింది. విమానం ఎక్కొద్దని, మొగుడికి తెలిసిపోయిందని చెప్పింది. జాయ్ ఏడవలేదు.

"ఎవరు చెప్పేరండీ ఆంటీగారూ?"

"నేనే చెప్పేనమ్మా. గవర్నమెంటుకి."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. రాజోలులో స్థలం అమ్మే ఆయన ఇంకో రెండేళ్ళు ఆగుతాడా అని అడిగింది జాయ్. ఆగడంది సువార్తమ్మ. మేడమ్ లేచేరు, ఉంటానండీ అని జాయ్ పెట్టేసింది.

గురువారం సత్తిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు మాట్లాడుకుని విమానాశ్రయానికి వెళ్ళేడు. ఆఖరి మనిషి బయటికొచ్చేదాకా నిలబడ్డాడట.