తక్కెడక్క చీటీలు

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఫోను దగ్గర కూర్చునే ఆమెని మెకానిక్కులందరూ తక్కెడక్క అనేవారు. ఆమె పొద్దున ఎనిమిదింటికల్లా వచ్చి, సంచీ మేకుకి తగిలించి, రిసీవరు తుడిచి, పాత కాగితాలు చీటీలుగా చింపుకుని కూర్చునేది. ఫోను మోగితే ఏ భవనం, ఏమైంది, ఎవరు మాట్లాడుతున్నారు అని మూడు ముక్కలు రాసుకుని, చీటీని అరచేతిలో పెట్టుకుని తూచేది. బటను లైటు వెలగడం లేదన్న చీటీ ఈకలా ఉండేది. తలుపు సరిగా మూసుకోవడం లేదంటే తాళాలగుత్తంత బరువు. లోపల మనిషి ఇరుక్కుంటే ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. బరువైనది ముందు, తేలికైనది తర్వాత. పంతొమ్మిదేళ్లుగా అదే పద్ధతి. కొత్తగా చేరిన మెకానిక్కుకి మొదటిరోజే చెప్పేవారు, "చీటీ చొక్కా జేబులో పెట్టకు, జేబు ఊడొస్తుంది" అని.

ఆ ఏడు యజమానికి సాఫ్ట్‌వేర్ మీద మనసు పడింది. మన పనికి తగ్గట్టు మనమే రాయించుకుందామని ఒక ప్రోగ్రామర్‌ని పిలిపించాడు. అతను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తక్కెడక్క ఎదురుగా కూర్చున్నాడు.

"ఏ పని ముందో మీకెలా తెలుస్తుంది మేడమ్?"

"బరువుని బట్టి."

అతను టైపు చేసుకున్నాడు. "గ్రాముల్లోనా, కిలోల్లోనా?"

"ఏమో బాబూ, చేతికి తెలుస్తుంది."

"చేతికి తెలిసేదానికి గడి పెట్టలేనండీ," అని అతను కాసేపు ఆలోచించి, ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు గళ్లు పెట్టి వెళ్లిపోయాడు.

అక్కడితో మొదలైంది ఆమె అవస్థ. పేరు నింపకపోతే తెర కదలదు. లిఫ్టు నంబరు లేకపోతే ఎర్రగీత. ఈమెయిల్ లేకపోతే మళ్లీ మొదటికి. ఒకరోజు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కున్నాయన ఫోనులో రొప్పుతూ ఉంటే, ఆమె ఈమెయిల్ అడగాల్సి వచ్చింది. ఆయన తిట్టిన తిట్లు పక్కగదిలోకి వినిపించాయి.

"లోపల ఊపిరాడని మనిషిని ఈమెయిల్ అడగమంటావా?" అని ప్రోగ్రామర్ మీద విరుచుకుపడింది.

"సార్ తప్పనిసరి చెయ్యమన్నారండీ."

సార్‌ని అడిగితే, "ప్రోగ్రామ్ అలాగే ఉంటుందట" అన్నాడు. ఒకరు ఇంకొకరి మీదికి తోసేవారు. మధ్యలో ఆమె తల ప్రాణం తోకకొచ్చేది. పైగా మిషను అచ్చువేసే చీటీలకి బొత్తిగా బరువే లేదు. పది చీటీలు ఒకదాని మీద ఒకటి పెట్టినా చేతికి ఏమీ తెలిసేది కాదు. ఆగలేక తన చేత్తో రాసి పంపితే, ఒకే భవనానికి ఇద్దరు మెకానిక్కులు వెళ్లి మెట్ల దగ్గర కొట్లాడుకున్నారు. దాంతో యజమాని కలాలన్నీ ఎత్తించేశాడు.

"ఇకనించి చేతిరాత కనిపించకూడదు," అన్నాడు.

పది రోజులు ఆమె పళ్లు బిగించుకుని మీటలు నొక్కింది. పదకొండో రోజు మధ్యాహ్నం కంటి ఆస్పత్రి వాచ్‌మన్ ఫోను చేశాడు. లిఫ్టు బాగానే ఉందట, ఆగేటప్పుడు కాస్త జారుతున్నట్టుందట, తొందరేం లేదట. ఆమె ఆ మాటలే కొట్టింది. తెర మీద "తక్కువ" అని వచ్చింది. ముందు పద్నాలుగు పనులున్నాయి.

ఆమెకి కుర్చీలో కుదురు లేదు. నీళ్లు తాగింది. లేచి కిటికీ దాకా వెళ్లొచ్చింది. చివరికి సంచీ అడుగున దొరికిన పెన్సిలు ముక్కతో, న్యూస్‌పేపరు అంచు మీద ఆ వాచ్‌మన్ చెప్పినదంతా రాసి చింపింది. అంతే, ఆ ముక్క వేళ్లలోంచి జారి, బల్లని చీల్చుకుని కిందపడి, నేలమీది టైలుని రెండు ముక్కలు చేసింది.

పెద్ద మెకానిక్ పరుగున వచ్చాడు. ఎత్తబోయి, ఎత్తలేక, అక్కడే మోకాళ్ల మీద కూర్చుని చదువుకుని బయల్దేరాడు. గంటలో ఫోను చేశాడు.

"అక్కా, బ్రేకు అరిగి కాగితంలా అయిపోయింది. కళ్లకి కట్లున్నవాళ్లు ఆరుగురు ఎక్కబోతున్నారు. ఆపేశాను."

యజమాని విరిగిన బల్లవంక, పగిలిన టైలువంక చూశాడు. ప్రోగ్రామర్‌కి కబురుపెట్టాడు. అతను వచ్చి, ఈసారి ల్యాప్‌టాప్ మూసే ఉంచి అడిగాడు.

"నేను పెట్టిన గళ్లలో పట్టనిది ఏం రాశారక్కా?"

అతను అక్కా అనడం అదే మొదటిసారి. ఆమె గుర్తు చేసుకుంది. "లిఫ్టు సంగతి కాదు. ఫోను పెట్టేసే ముందు, 'ఈమధ్య నేను మెట్లే ఎక్కుతున్నాలెండి' అన్నాడు. అది రాశాను."

అతను ల్యాప్‌టాప్ తెరిచి మూడు గళ్లూ చెరిపేశాడు. తర్వాత నెలన్నరపాటు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఈమెయిల్ గడి పోయింది. మొట్టమొదటి ప్రశ్న "మీరు ఈ లిఫ్టు ఎక్కుతున్నారా?" అయింది. వాదించుకున్నారు, అలిగారు, నలభై ప్రశ్నలు రాసి ముప్పై ఒకటి కొట్టేశారు. ఒక బుధవారం మిషను అచ్చువేసిన చీటీని తీయబోతే ఆమె మణికట్టు కిందికి లాగింది. ప్రింటరుకి ఇనుప స్టాండు చేయించమని పెద్ద మెకానిక్ చెప్పి పోయాడు.

యజమాని సంతోషించాడు. "ఇక ఫోను దగ్గర ఎవరిని కూర్చోబెట్టినా చాలు. నువ్వు గోడౌన్‌లో నట్లూ బోల్టులూ వేరుచేసే పని చూసుకో."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. తన చేతిలోది తనే ఒలిచి మిషనుకి పోసింది, అందుకు తనకి దక్కింది నట్లూ బోల్టులా! ప్రోగ్రామర్ దగ్గర కలం లాక్కుని రాజీనామా రాసింది. ఈ కాగితం పడి ఆయన గాజుబల్ల వెయ్యి ముక్కలవ్వాలనుకుంటూ ఆయన గదిలోకెళ్లి, ఆయన ముందు బల్లమీదికి వదిలింది.

కాగితం బల్లకి ఆనలేదు. మెల్లగా పైకి లేచి, ఆయన కళ్లజోడు పక్కనించి వెళ్లి, పైకప్పుకి అంటుకుపోయింది.

"ఏం రాశావందులో?" యజమాని తల పైకెత్తి అడిగాడు.

"వెళ్లిపోతున్నానని, సార్."

ఆయన కుర్చీ ఎక్కి అందుకోబోయాడు. అందలేదు. ఆమె మాత్రం పైకి చూస్తూ అలాగే నిలబడిపోయింది. ఈ కుర్చీ వదిలితే బతకలేననుకుంది ఇన్నాళ్లూ. ఇంత తేలికని ఎవరనుకున్నారు?

ప్రోగ్రామర్ గుమ్మం దగ్గర ఎదురొచ్చాడు. "నాకు రాయడం వచ్చక్కా, అడగడం రాదు. నాతో పనిచేస్తారా?"

"ఈమెయిల్ అడగమంటే మాత్రం రాను," అంది.

మరుసటి వారం ఇద్దరూ ఒక బ్రెడ్డు ఫ్యాక్టరీకి వెళ్లారు. పొయ్యిలోంచి ఏ ట్రే ఎప్పుడు తీయాలో మిషను చెప్పాలని అక్కడి యజమాని కోరిక. పొయ్యిల దగ్గర పనిచేసే పెద్దావిడ వాళ్లని చూసి చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది. తక్కెడక్క ఒక ముక్కాలిపీట లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

"తీసే వేళయిందని నీకెలా తెలుస్తుందమ్మా?"

పెద్దావిడ యజమాని వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించింది. "నా చెవి వేడెక్కుతుంది."

ప్రోగ్రామర్ టైపు చెయ్యబోయాడు. తక్కెడక్క అతని చెయ్యి పట్టి ఆపింది.

"ఏ చెవి?" అని అడిగింది.