సుక్రు కలిపిన మాట

గెడ్డ దాటేటప్పుడు సుక్రు తపాలా సంచిని నెత్తికెత్తుకున్నాడు. నీళ్లు మోకాలి లోతే. సంచి భుజాన ఉన్నా తడిసేది కాదు. అయినా ఇరవై రెండేళ్లుగా అతను ఈ గెడ్డను ఇలాగే దాటుతున్నాడు. అవతలి గట్టున రాయిమీద కూర్చుని కాళ్లు ఆరబెట్టుకున్నాడు. ఈటెకు కట్టిన గజ్జెల్లో ఇరుక్కున్న ఆకు పీకి పారేశాడు. మళ్లీ పరుగు అందుకున్నాడు. పరుగంటే నిజంగా పరుగు కాదు. నడక కంటే జోరు, ఊపిరి మాత్రం ఆడుతూనే ఉంటుంది.

1928 జనవరి నెలాఖరు. పాడేరు కొండల్లో పొద్దెక్కినా చలి వదలలేదు. నీడన ఉన్న గడ్డిమీద మంచు తెల్లగా పొరకట్టి, కాలు వేస్తే పటపటమంటోంది.

సుక్రు పొట్టి మనిషి. యాభైకి దగ్గరపడ్డా పిక్కలు గుండ్రాళ్లలా ఉంటాయి. ఎడమకాలి బొటనవేలికి గోరు లేదు. ఖాకీ కోటుకి ఇత్తడి గుండీలు రెండే మిగిలాయి. తక్కినచోట పెళ్లాం చిన్నమ్మి వెదురు ముక్కలు కుట్టింది. వారానికి రెండుసార్లు పాడేరులో బయలుదేరి, వంతలపుట్టులోని మిషను ఆసుపత్రికీ, అక్కణ్నుంచి అయిదు మైళ్లు ఎగువన ఉన్న సిరిమెట్ట కాఫీ తోటకీ తపాలా చేరుస్తాడు. ఆ రాత్రి తోటలోనే పడుకుని మర్నాడు దిగుతాడు. అక్షరం ముక్క రాదు. ఏది ఎవరిదో పోస్టుమాస్టరు ధనరాజు చెబుతాడు. సుక్రు కవరు రంగుతో, తపాలా బిళ్లమీది బొమ్మతో గుర్తుపెట్టుకుంటాడు.

"రాజుగారి తలకాయ బిళ్ల ఉన్నది మందులమ్మది. ఈ చుట్టిన పేపరు తోటదొరది," అన్నాడు ధనరాజు ఆ ఉదయం. "రెండూ ఒక్కరోజే వచ్చాయిరా. ఈ ఏడు ఎవరు గెలిచారో?"

"ఆకుసుపాడో, బెర్లినువలసో. ఎవులో ఒకలు," అన్నాడు సుక్రు.

కొండవాళ్ల నోళ్లలో ఆక్స్‌ఫర్డు ఆకుసుపాడైంది. బెర్లిను బెర్లినువలసైంది. వంతలపుట్టు సంతలో అడిగితే, ఆ రెండూ జయపురం అవతల ఎక్కడో ఉన్నాయని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు.

మందులమ్మ కెనడా దేశపు నర్సమ్మ. నలభై దాటిన మనిషి, ఎత్తరి. తెలుగు బొబ్బిలిలో ఒక పంతులుగారి దగ్గర బైబిలు ముందు పెట్టుకుని నేర్చుకుంది. ఆ ఆట సంగతి సుక్రుకి మొదట చెప్పింది ఆమే. దావోసని మంచుకొండల్లో ఒక ఊరు. అక్కడ చలికి నీళ్లు బండలా గట్టిపడతాయి. కాళ్లకి ఇనుప బద్దలు కట్టుకుని ఆ బండమీద జారుతూ, వంకీకర్రలతో ఒక బిళ్లను కొట్టుకుంటారు. పెద్ద యుద్ధం అయ్యాక, ఒకరినొకరు చంపుకున్న దేశాల కుర్రాళ్లు కలిసి ఆడుకోవాలని ఆ ఊరి డాక్టరొకాయన గెలిచినవాళ్లకి ఒక గిన్నె పెట్టాడు. ఏటా డిసెంబరు ఆఖర్లో పోటీ. మొదటి ఏడు 1923లో ఆక్స్‌ఫర్డు గెలిచింది. మరుసటేడు బెర్లిను. ఆమె తమ్ముడు ఆక్స్‌ఫర్డులో చదువుకుంటూ ఆ జట్టులో ఆడాడు. అన్న లేడు. ఫ్రాన్సులో జర్మనీవాళ్ల గుండు తగిలి పోయాడు. అతని ఫొటో మందుల బీరువాలో ఉంటుంది.

తోటదొర బెర్లిను మనిషి. యుద్ధమయ్యాక చాలా ఏళ్లు జర్మనీవాళ్లను ఈ దేశానికి రానివ్వలేదు. రానిచ్చిన ఏడే, 1925లో, అతను వచ్చి సిరిమెట్టలో పాడుపడిన తోట తీసుకున్నాడు. ఎడమకాలు ఈడుస్తాడు. అదీ యుద్ధంలో పోయిన కాలే. తెలుగు తోట కూలీల దగ్గర పట్టుకున్నాడు.

వాళ్ల మధ్య అయిదు మైళ్లు. మూడేళ్లలో ఒక్కసారీ ఒకరి మొహం ఒకరు చూడలేదు.

దొర వచ్చాక మొదటి జనవరిలో మందులమ్మకి తమ్ముడి ఉత్తరం ముందుగా వచ్చింది. మళ్లీ ఆక్స్‌ఫర్డు గెలిచిందట. దొర పేపరింకా రాలేదు. ఆమె తమ్ముడి సంగతి అప్పటికే సుక్రు నోట విని ఉన్నాడు. "ఎవులు గెలిసినారో అమ్మగోర్ని అడిగి రా," అని దొర సుక్రుని బతిమాలాడు. ఆ మాట చెప్పగానే మందులమ్మ కట్టుగుడ్డలు చుట్టడం ఆపేసింది. మందుల బీరువా తలుపు మూసి, "మీవారు ఓడిపోయిరని చెప్పుము. అంతే," అంది.

ఆ మాట మోసుకుని సుక్రు అయిదు మైళ్లు ఎక్కాడు. దారి పొడుగునా అతనికి ఈశ్వరమ్మ గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అస్సాం తేయాకు తోటలకి పోయిన ఈశ్వరమ్మ కొడుకు గురించి ఒక కార్డు తెచ్చాడు. ఎవరో దారిన పోయే జవాను దాన్ని తీసుకుని గడపలో నిలబడే చదివేశాడు: నీ కొడుకు జ్వరంతో పోయాడు. అంతే ఉంది, అంతే చదివాడు. ఈశ్వరమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. ఆ తరవాత సుక్రు ఏ కార్డూ పరాయివాళ్ల చేతికివ్వలేదు. ధనరాజు చేత ముందే చదివించుకుని, ఇంటివాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగమని, అప్పుడు తన నోటితో చెబుతాడు. చెప్పేటప్పుడు కొద్దిగా కలుపుతాడు. ఆఖరున మిమ్మల్నే తలుచుకున్నాడటనో, నొప్పి తెలియలేదటనో.

సిరిమెట్టలో దొర గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "అమ్మగోరు మీకు దండాలు సెప్పమన్నారు బాబూ," అన్నాడు సుక్రు. "మీవోలు ఓడిపోనారంట."

దొర రెండో మాట విన్నట్టే లేడు. లోపలికి వెళ్లి తేనె సీసా తెచ్చి అమ్మగారికిమ్మన్నాడు. ఓడినవాళ్లు పంపేదని చెప్పమన్నాడు. మరుసటేడు బెర్లిను గెలిచింది. మందులమ్మ ఒకరోజంతా ఆలోచించి, ఎండు ద్రాక్ష వేసిన కేకు చేసి పంపింది. ఆ రాకపోకల్లో ఆమె పొడిమాటలకి సుక్రు ఎన్ని దండాలు, ఎన్ని కులాసాలు తగిలించాడో అతనికే తెలియదు.

చిన్నమ్మికి తెలుసు. "మందులమ్మ ఇయ్యాల తన దేశం ఎల్లిపోతంది," అంది పొద్దున, అంబలి పోస్తూ. "పోకముందే సెప్పీ. రెండేళ్లు అబద్దం మోసినావు, బరువు నేదేటి నీకు?"

"సెప్తానులే."

"సెప్పవు. నాకు తెల్దేటి."

వంతలపుట్టు చేరేసరికి ఆసుపత్రి ముందు డోలీ దించి ఉంది. మల్లేశూ, మరి ముగ్గురు మోతగాళ్లూ పెట్టెకి తాడు బిగిస్తున్నారు. ఊరంతా వాకిట్లోనే ఉంది. మందులమ్మ ఈ ఊరు వచ్చినప్పటి టోపీ పెట్టుకుని, పిల్లలకి చివరిసారి కళ్లల్లో చుక్కలు వేస్తోంది.

"ఈ దినము ఆలస్యముగా వచ్చితివి, సుక్రూ."

"పేపరు బరువమ్మా," అన్నాడు సుక్రు. కవరు ఇచ్చాడు. ఊరు ఊరంతా ఆమె మొహమే చూస్తోంది. ఆమె చదివింది. మళ్లీ చదివింది. నవ్వు ఆపుకోలేక చేతిలోని మందుసీసా పక్కన పెట్టింది.

"మేము గెలువలేదు. వారును గెలువలేదు. ఈ సంవత్సరము దావోసు ఊరివారే గెలిచిరి."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మరయితే తేనె ఎవులు పంపాల? రొట్టి ఎవులు పంపాల?" అన్నాడు మల్లేశు.

మందులమ్మ కూడా అదే ఆలోచిస్తున్నట్టుంది. కాస్సేపు డోలీ వైపు చూసింది. పల్లానికి రెండు దారులున్నాయి. ఒకటి గెడ్డ పక్కన, దగ్గరిది. రెండోది సిరిమెట్ట మీదుగా.

"మల్లేశూ, మెట్ట దారిని పోదము. ఈ వార్త నేనే చెప్పెదను."

వాళ్లిద్దరూ కలిస్తే తను తగిలించిన దండాలన్నీ బయటపడతాయని సుక్రుకి తోచింది. మోతగాళ్లు ముందు వెళ్లారు. ఆమె డోలీ ఎక్కకుండా, లాంతరులా ఊగే చేతిసంచితో నడిచింది. వెనక సుక్రు. దారి సగం ఎక్కాక, "అమ్మా," అన్నాడు.

"ఏమి?"

"ఇక్కడ రాళ్లు జారతాయమ్మా."

ఇంకొంచెం పైకెక్కాక మళ్లీ, "అమ్మా, ఒక మాట."

"చెప్పుము."

"దొర మంచోడమ్మా." అని ఈటె ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

కాఫీ తోట కళ్లం పేడతో అలికి, నున్నగా, అద్దంలా ఉంది. ఒక పక్క గింజలు ఎండబోసి ఉన్నాయి. వాటిని పారతో తిరగేస్తున్న దొర గజ్జెల చప్పుడికి తలెత్తాడు. సుక్రుని చూసి నవ్వబోయి, పక్కన ఆమెను చూసి పార వదిలేశాడు. టోపీ తీశాడు.

"దండం తల్లీ."

"దండములు."

 మోతగాళ్లు డోలీ దించి దూరంగా నిలబడ్డారు.

"నాకు ఇంగిలీసు రెండు ముక్కలే," అన్నాడు దొర. "తెలుగైతే సాలుతాది."

"నాకు జర్మను రాదు. నేర్చుకొనవలెనని ఎన్నడును తోచలేదు."

"అవును. తోచదు. నాకు తెలుసు." దొర టోపీని చేతుల్లో తిప్పాడు.

సుక్రు ఉండబట్టలేక, "బాబూ, ఈయేడు మీరూ గెలవనేదు, ఈయమ్మా గెలవనేదు. ఆ ఊరోలే గెలిసీసినారు," అన్నాడు, చుట్టిన పేపరు దొర చేతిలో పెడుతూ.

"దావోసా?" దొర పేపరు విప్పనే లేదు. "గిన్నె పెట్టినోలే గిన్నె ఉంచీసుకున్నారా?"

మందులమ్మ పెదవి బిగించింది గాని లాభం లేకపోయింది. నవ్వు వచ్చేసింది. దొర కూడా నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా మోతగాళ్లూ నవ్వారు.

దొర కాఫీ కాచి తెచ్చాడు. ఇద్దరూ కళ్లం అంచున పీటలమీద కూర్చున్నారు. సుక్రు రెండు బారల దూరంలో, పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు.

"ఒక మాట సెప్పాల తల్లీ," అన్నాడు దొర. "మొదటేడు ఈ కొండమీద నాతోటి ఎవులూ మాటాడేవోలు కారు. ఇంగిలీసు దొరలు గుమ్మం ఎక్కనిచ్చేవోలు కారు. తోట అమ్మీడానికి కాయితం రాసుకున్నాను. ఆయేళ సుక్రు ఒచ్చి, అమ్మగోరు దండాలు సెప్పమన్నారు అన్నాడు. ఆ రేతిరి కాయితం సింపీసినాను."

మందులమ్మ మెల్లగా తల తిప్పి సుక్రు వైపు చూసింది. సుక్రు గోరులేని తన బొటనవేలు చూసుకుంటున్నాడు.  ఇరవై రెండేళ్లలో ఒక్క ఉత్తరం పోగొట్టలేదు. ఇప్పుడు చేతిలో ఉన్నదంతా జారిపోతున్నట్టనిపించింది.

ఆమె గిన్నెలోని కాఫీ ఒక గుక్క తాగింది.

"అవును," అంది. "పంపితిని. సుక్రుచేతనే పంపితిని."

ఆట ఎవరు మొదలుపెట్టారో సుక్రుకి తరవాత గుర్తులేదు. బెర్లిను చెరువుల మీద చిన్నప్పుడు ఎలా ఆడేవాడో చూపిస్తానని దొర ఒక వంకర కొమ్మ తెచ్చాడు. అలా కాదని ఆమె ఇంకో కొమ్మ అందుకుంది. దొర పనసకొమ్మ నుంచి మూడు వేళ్ల మందాన ఒక బిళ్ల కోశాడు. మోతగాళ్లు ఆమె పక్షం. గింజలేరే ఆడవాళ్లు దొర పక్షం. రెండు బుట్టలు పెట్టి, వాటి మధ్య సుక్రుని నిలబెట్టారు.

"మరి నానే ఊరోణ్ణి?" అన్నాడు సుక్రు.

"నీవు దావోసు," అంది మందులమ్మ.

ఆమె జోళ్లు విప్పేసి మేజోళ్లతో దిగింది. అలికిన నేలమీద చెదిరిన గింజలు కాలికింద పడి అందరూ జారేవాళ్లే. మల్లేశు వెల్లకిలా పడ్డాడు. ఆడవాళ్లు కొంగులు దోపి కర్రలు ఝళిపిస్తుంటే దొర ఒంటికాలిమీద గిర్రున తిరిగి ఒకటి కొట్టాడు. అది బుట్టల మధ్యనుంచి పోయింది. మందులమ్మ వంగి, పంటి బిగువున ఒకటి కొట్టింది. అదీ పోయింది. ఆ తరవాత కొట్టినవన్నీ సుక్రు ఆపాడు. పిక్కలతో, ఖాకీ కోటుతో, ఒకసారి కడుపుతో. జీవితంలో అతను అంత నవ్వలేదు. ఆఖరికి ఆమె కొట్టిన దెబ్బకి బిళ్ల అందరినీ తప్పించుకుని ఎండబోసిన గింజల్లోకి దూరిపోయింది. వెతికే ఓపిక ఎవరికీ లేదు. "చెరొకటి. దావోసే గెలిచినది," అంటూ ఆమె టోపీతో విసురుకుంది.

పొద్దు వాలకముందే ఆమె ఘాటు దారి దిగాలి. దొరా, ఆమే చేతులు కలుపుకున్నారు.  సుక్రు మలుపుదాకా సాగనంపాడు. అక్కడ ఆమె డోలీ ఎక్కబోతూ ఆగింది.

"సుక్రూ."

"తప్పయిపోనాది అమ్మా."

"ఎన్ని కలిపితివి?"

"నెక్కెట్టనేదమ్మా."

"అతడు నాకు పంపిన మాటలలోనో?"

సుక్రు తల గోక్కున్నాడు. "అందులోనూ కలిపినాను. కొద్దిగే."

ఆమె నవ్వింది. కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడొక మాట మోసికొని పొమ్ము. తోటదొరగారికి నా దండములు."

"ఇంకేటైనా కలపమంటారా?"

"ఏమియు కలుపవద్దు."

డోలీ లేచింది. మోతగాళ్ల కూత కిందికి, ఇంకా కిందికి దిగి, చెట్లల్లో కలిసిపోయింది. సుక్రు గజ్జెలు మోగకుండా ఈటె చంకన పెట్టుకుని వెనక్కి ఎక్కాడు. దొర పీటమీదే కూర్చుని ఉన్నాడు.

"అమ్మగోరు దండాలు సెప్పమన్నారు బాబూ."

"అంతేనా?"

"అంతే."

దొర తలూపాడు. సాయంత్రం మంచు పడకముందే చాప కప్పడానికి ఆడవాళ్లు గింజలు కుప్ప చేస్తున్నారు. పారకి గట్టిగా ఏదో తగిలితే, ఒకామె దాన్ని తీసి దులిపి కళ్లం గట్టుమీద పెట్టింది. ఒక పక్క బెరడు ఊడి, అంచులు చితికి, పసుపుపచ్చగా ఆ పనసబిళ్ల అక్కడ ఉంది.